డీఎస్ఎల్ఆర్ కొనే ముందు దూరం కొలవండి: గూడూరు నుంచి పులికాట్ దాకా లెన్సుల లెక్క



నన్ను కలిసిన కుర్రాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, ఫోటోగ్రఫీ అంటే ఇష్టం, ఏ డీఎస్ఎల్ఆర్ కొనమంటావు?" అని. దానికి నేను మోడల్ పేరు చెప్పను. తిరిగి ఒక ప్రశ్న అడుగుతాను. "నువ్వు తీయాలనుకునేది నీకు ఎంత దూరంలో ఉంటది?"

చాలామందికి ఈ ప్రశ్న విచిత్రంగా అనిపిస్తుంది. మెగాపిక్సెల్స్ ఎన్ని, కెనానా నికానా, వీడియో ఎట్టా వస్తది, ఇవన్నీ చూసుకుని వస్తారు కానీ దూరం సంగతి ఎవరూ ఆలోచించరు. ఈరోజు ఎపిసోడ్ మొత్తం ఆ దూరం గురించే. అది తేలితే ఏ లెన్స్ కొనాలో తేలుతుంది, లెన్స్ తేలితే ఏ బాడీ సరిపోతుందో తేలుతుంది. ఈ క్రమాన్ని తలకిందులు చేసి, ముందు బాడీ మీద డబ్బంతా పెట్టేసినవాళ్ల కెమెరాలే బీరువాలో మూలుగుతుంటాయి.

నాది గూడూరు. మన చుట్టూ ఏముందో ఒకసారి చూడండి. చెన్నై వైపు లోకల్ ఎక్కితే నాయుడుపేట దాటాక దొరవారిసత్రం వస్తుంది. దాని పక్కనే నేలపట్టు పక్షుల అభయారణ్యం. 1976 నుంచి అది రక్షిత ప్రాంతం. ఇంకొంచెం ముందుకెళ్తే సూళ్లూరుపేట. అక్కడి నుంచి శ్రీహరికోట రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచి పోతుంది. ఒడిశాలో ఉన్న చిలికా తర్వాత మన దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు అది. ఆ రోడ్డు చివర రాకెట్లు ఎగిరే షార్ కేంద్రం. అంటే గూళ్లు కట్టుకునే గూడబాతులు, నీళ్లలో గుంపులుగా నిలబడే రాజహంసలు, ఆకాశంలోకి దూసుకుపోయే రాకెట్లు, మూడూ ఒకే రూట్లో ఉన్నాయి. ఫోటోగ్రఫీ నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు ఎక్కడుంటుంది చెప్పండి?

ముందు మీ ఫోన్ సంగతి

మీ జేబులో ఇప్పటికే ఒక కెమెరా ఉంది. అది తీసిపారేయాల్సిన వస్తువేమీ కాదు. ఫోన్ మెయిన్ కెమెరా ఎంత వెడల్పు చూస్తుందో, డీఎస్ఎల్ఆర్ బాక్సులో వచ్చే 18-55 ఎంఎం కిట్ లెన్స్ కూడా 18 దగ్గర దాదాపు అంతే చూస్తుంది. అదే కిట్ లెన్స్‌ని 55కి తిప్పితే, ఫోన్‌లో మూడున్నర ఎక్స్ జూమ్ చేసినంత దగ్గరగా కనిపిస్తుంది. అంతే! టెలిఫోటో ఉన్న ఫోన్ మీ దగ్గర ఉంటే, ఆ కిట్ లెన్స్ ఇచ్చే జూమ్ మీకు ఇప్పటికే ఉన్నట్టు.

మరి తేడా ఎక్కడ? సెన్సర్ సైజులో. మామూలు డీఎస్ఎల్ఆర్‌లో ఉండే ఏపీఎస్-సీ సెన్సర్, నికాన్‌లో అయితే 23.5 మి.మీ. వెడల్పు, 15.6 మి.మీ. ఎత్తు ఉంటుంది. కెనాన్‌లో కొంచెం చిన్నది. ఫోన్ సెన్సర్ దీనిలో ఎన్నో వంతు మాత్రమే. సెన్సర్ పెద్దదయ్యే కొద్దీ ఎక్కువ వెలుతురు పడుతుంది. ఆ వెలుతురు తక్కువైనందుకే ఫోన్ నాలుగైదు ఫోటోలు వెంటవెంటనే తీసి, సాఫ్ట్‌వేర్‌తో కలిపి ఒక ఫోటోగా చూపిస్తుంది. కదలని వస్తువులకు అది అద్భుతంగా పనిచేస్తుంది. రెక్కలు కొట్టే పక్షి దగ్గరికొచ్చేసరికి తడబడుతుంది.

కాబట్టి నా మొదటి మాట ఇది. ఊళ్లో జాతర, ఇంట్లో ఫంక్షన్, రైల్వేస్టేషన్లో సాయంత్రం, తోటలో నిమ్మకాయలు, ఇలాంటివే మీకు ఇష్టమైతే ఇంకో ఏడాది ఫోన్‌తోనే తీయండి. ప్రో మోడ్ ఆన్ చేసి షట్టర్ స్పీడ్, ఐఎస్ఓ మార్చి చూడండి. ఆ నేర్చుకున్నది రేపు కెమెరా కొన్నప్పుడు పనికొస్తుంది. ఫోన్ ఎక్కడ ఆగిపోతోందో మీకే తెలిసిన రోజున కెమెరా గురించి ఆలోచించండి.

ఒక్క లెక్క గుర్తుపెట్టుకోండి

ఇప్పుడు అసలు విషయం. ఇది రాసి పెట్టుకోండి, జీవితాంతం పనికొస్తుంది.

లెన్స్ మీద ఎన్ని ఎంఎం రాసి ఉందో, దాన్ని వస్తువు దూరం ఎన్ని మీటర్లో దానితో భాగించండి. వచ్చిన అంకె ఏంటంటే, ఒక మీటరు సైజున్న వస్తువు సెన్సర్ మీద అన్ని మి.మీ. పడుతుంది. 300 ఎంఎం లెన్స్, 300 మీటర్ల దూరం. భాగిస్తే ఒకటి. అంటే మీటరు పొడవున్నది సెన్సర్ మీద ఒక మి.మీ. బొమ్మ అవుతుంది. అంతే, ఇంకే ఫార్ములా అక్కర్లేదు.

ఇప్పుడు నేలపట్టుకి వెళ్దాం. గూడబాతు ముక్కు నుంచి తోక దాకా దాదాపు 1.4 మీటర్లు ఉంటుంది. అది కూర్చున్న చెట్టు మీకు 60 మీటర్ల దూరంలో ఉందనుకోండి. కిట్ లెన్స్ 55 దగ్గర పెట్టి తీస్తే, 55ని 60తో భాగించి 1.4తో గుణిస్తే సుమారు 1.3 మి.మీ. సెన్సర్ వెడల్పు 23.5 కదా, అంటే ఫ్రేములో పద్దెనిమిదో వంతు. అది ఫోటోలో పక్షి కాదు, తెల్లటి చుక్క. అదే చోట నిలబడి 300 ఎంఎం లెన్స్ పెడితే? 300ని 60తో భాగిస్తే 5, దాన్ని 1.4తో గుణిస్తే 7 మి.మీ. ఫ్రేములో దాదాపు మూడో వంతు. 24 మెగాపిక్సెల్ కెమెరాలో వెడల్పు 6,000 పిక్సెళ్లు ఉంటుంది కాబట్టి, పక్షి ఒక్కదానికే సుమారు 1,800 పిక్సెళ్లు వస్తాయి. ఈక ఈకా కనపడుతుంది. ఫోన్‌లో చూసుకోవడానికే కాదు, ప్రింట్ వేసుకోవడానికి కూడా సరిపోతుంది.

గమనించారా? ఈ లెక్కలో కెమెరా మోడల్ పేరు ఎక్కడా రాలేదు. పదేళ్ల కిందటి బాడీకి 300 ఎంఎం తగిలించినా, నిన్న వచ్చిన ఖరీదైన బాడీకి కిట్ లెన్స్ తగిలించినా, ఈ పక్షి విషయంలో గెలిచేది పాత బాడీయే.

ఇక పులికాట్. రాజహంసలు గట్టు నుంచి 400 మీటర్ల దూరంలో నీళ్లలో నిలబడి ఉన్నాయనుకుందాం. 300 ఎంఎంతో లెక్కేస్తే, నిలబడ్డ రాజహంస సెన్సర్ మీద ఒక మి.మీ. ఎత్తు. ఫ్రేము ఎత్తులో పదిహేనో వంతు. 600 ఎంఎం లెన్స్ కొన్నా ఏడో వంతు దాటదు. దీన్నిబట్టి ఏం అర్థమవుతుంది? అక్కడ ఒక్క పక్షి క్లోజప్ కోసం లక్షలు పోయడం దండగ. గుంపు మొత్తాన్ని తీయండి. గులాబీ రంగు గీతలా నిలబడ్డ వందల పక్షులు, వెనక పడవలు, పైన మబ్బులు. అలాంటి ఫోటోకి మామూలు 70-300 చాలు.

దూరం ఎట్టా కొలవాలంటారా? మీ ఫోన్‌లోనే ఉంది. మ్యాప్ తెరిచి, శాటిలైట్ వ్యూ పెట్టి, మీరు నిలబడ్డ చోటు మీద వేలు నొక్కి పట్టుకుంటే దూరం కొలిచే ఆప్షన్ వస్తుంది. ఆ చెట్ల దాకా గీత లాగితే మీటర్లు చూపిస్తుంది. కెమెరా కొనకముందే ఒక ఆదివారం ఖాళీ చేతులతో వెళ్లి, ఫోన్‌తో దూరాలు కొలిచి, నోట్ చేసుకుని రండి. టికెట్ డబ్బులు తప్ప ఖర్చేమీ లేదు.

సరే, ఏం కొనాలి?

ముందు ఒక నిజం చెప్పుకోవాలి. డీఎస్ఎల్ఆర్ అంటే లోపల అద్దం ఉన్న కెమెరా. లెన్స్ నుంచి వచ్చిన వెలుతురు ఆ అద్దం మీద పడి మీ కంటికి చేరుతుంది, బటన్ నొక్కగానే అద్దం పైకి లేచి సెన్సర్‌కి దారిస్తుంది. 2018లో నికాన్ జెడ్, కెనాన్ ఆర్ సిరీస్‌లు మొదలయ్యాక ఆ రెండు కంపెనీలూ అద్దం లేని మిర్రర్‌లెస్ వైపు తిరిగిపోయాయి. కొత్త డీఎస్ఎల్ఆర్ మోడళ్లు ఇంక రావడం లేదు. ప్రొఫెషనల్స్ తమ పాత బాడీలు, లెన్సులు అమ్మేసి మారిపోతున్నారు. హాబీగా నేర్చుకునే మనకి ఇది మంచి అవకాశం. మంచి గ్లాస్ సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతోంది.

పక్షుల మీద ఇష్టం ఉంటే: నికాన్‌లో డీ5600 లాంటి బాడీ, దానికి 70-300. కెనాన్‌లో 200డీ లాంటి బాడీ, దానికి 55-250 లేదా 70-300. మనుషుల ఫోటోల మీద ఇష్టం ఉంటే ఇంత పెద్ద లెన్స్ అక్కర్లేదు. 50 ఎంఎం ఎఫ్/1.8 ఒక్కటి చాలు. కెనాన్ వాళ్ల 50 అయితే బరువు 160 గ్రాములు, అరచేతిలో పడుతుంది. ఎఫ్/1.8 అంటే లోపలి కన్ను బాగా తెరుచుకుంటుందని అర్థం. కిట్ లెన్స్ జూమ్ చేసినప్పుడు ఎఫ్/5.6 దగ్గర ఆగిపోతుంది. దానితో పోలిస్తే 50 ఎంఎం లోపలికి దాదాపు పది రెట్లు వెలుతురు వస్తుంది. దీపాల వెలుగులో అమ్మమ్మ ముఖం తీయడానికి ఇంతకన్నా మంచి లెన్స్ ఆ డబ్బుకి రాదు.

ఇక్కడ కొత్తవాళ్లు ఇరుక్కుపోయే చోట్లు రెండున్నాయి. ఒకటి, నికాన్ డీ3000, డీ5000 సిరీస్ బాడీల్లో ఫోకస్ మోటార్ ఉండదు. పాత ఏఎఫ్-డీ లెన్స్ చవగ్గా వచ్చిందని కొంటే ఆటో ఫోకస్ పనిచేయదు, చేత్తో తిప్పుకోవాల్సిందే. లెన్స్ పేరులో ఏఎఫ్-ఎస్ అని ఉందో లేదో చూసుకోండి. రెండు, ఏఎఫ్-పీ అని రాసిన కొత్త రకం లెన్సులు డీ3100, డీ5100, డీ7000, డీ90 లాంటి పాత బాడీల మీద అసలు ఫోకస్ చేయవు. కెనాన్‌లో ఈ గొడవ తక్కువ. ఈఎఫ్ లెన్సులన్నిటిలో మోటార్ లెన్స్‌లోనే ఉంటుంది. ఈఎఫ్-ఎస్ అని ఉన్నవి మాత్రం చిన్న సెన్సర్ బాడీలకే, ఫుల్ ఫ్రేమ్‌కి తగలవు.

డబ్బు విషయం కూడా ఓపెన్‌గా మాట్లాడుకుందాం. హాబీ కెమెరాకి ఈఎంఐ వద్దు. నా అభిప్రాయం ఇది. ఉద్యోగం రాకముందే ఇంట్లోవాళ్లని ఇబ్బంది పెట్టి కొన్న కెమెరా భుజాన వేసుకుంటే, అది ఫోటోల బరువు కాదు, వాయిదాల బరువు. మీ దగ్గర ఎంతుందో దాన్ని రెండు భాగాలు చేసి, ఒక భాగం బాడీకి, ఒక భాగం లెన్స్‌కి పెట్టండి. అప్పటికీ చాలకపోతే బాడీలో తగ్గించండి, లెన్స్‌లో కాదు. ఇంకా మంచి దారి ఒకటుంది. ఊళ్లో పెళ్లిళ్లకు ఫోటోలు తీసే స్టూడియో అన్నని పరిచయం చేసుకోండి. ముహూర్తాలు లేని రోజుల్లో రోజు అద్దెకి ఇస్తారేమో అడగండి. రెండు ఆదివారాలు వాడితే మీకు ఇది నిజంగా కావాలో వద్దో తెలిసిపోతుంది.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు

చెన్నై మనకి దగ్గరే కాబట్టి చాలామంది అక్కడికెళ్లి కొంటారు. ఎక్కడ కొన్నా ఈ పరీక్షలు చేయండి.

షట్టర్ కౌంట్ చూడండి. బండికి కిలోమీటర్లు ఎలాగో కెమెరాకి ఇది అలాగ. ఎంట్రీ లెవెల్ బాడీల షట్టర్‌ని సుమారు లక్ష క్లిక్‌ల వరకు లెక్కేసి తయారుచేస్తారు. నికాన్ అయితే అప్పటికప్పుడు తీసిన ఫోటో ఫైల్లోనే ఆ అంకె దాగి ఉంటుంది, ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. కెనాన్‌లో అంత సులువుగా బయటపడదు, బాడీ అరుగుదలని బట్టి అంచనా వేయాలి.

లెన్స్‌కి రెండు వైపులా మూతలు తీసి, ఒక వైపు నుంచి ఫోన్ టార్చ్ వేసి, ఇంకో వైపు నుంచి చూడండి. సాలెగూడులా సన్నటి దారాలు కనిపిస్తే అది ఫంగస్. ఎంత చవగ్గా ఇచ్చినా వదిలేయండి. కొన్ని ధూళి కణాలుంటే భయపడక్కర్లేదు, ఫోటోలో కనపడవు.

తెల్ల గోడని ఎఫ్/16 దగ్గర తీసి జూమ్ చేసి చూడండి. నల్ల మచ్చలు సెన్సర్ మీది దుమ్ము. శుభ్రం చేయించుకోవచ్చు, కానీ బేరం ఆడటానికి పనికొస్తుంది. ఫోకస్ పాయింట్లన్నీ ఒక్కొక్కటిగా పరీక్షించండి. బిల్లు మీద సీరియల్ నంబరు, కెమెరా కింద నంబరు ఒకటేనా చూడండి. బిల్లు లేదంటే దొంగ సరుకు కావొచ్చు, ఆశపడొద్దు.

సెట్టింగులు

ఇప్పుడు చేతిలో కెమెరా ఉంది, ఎదురుగా పక్షి ఉంది. ఏం పెట్టాలి?

కూర్చున్న పక్షికి షట్టర్ స్పీడ్ సెకనులో 500వ వంతు. ఎగిరే పక్షికి 2,000వ వంతు. లెన్స్ మీద వీఆర్ అని, ఐఎస్ అని రాసి ఉంటే అది మీ చేతి వణుకుని ఆపుతుంది తప్ప పక్షి రెక్కని ఆపదు. రెక్కని ఆపేది షట్టర్ స్పీడే. అపెర్చర్ ఎఫ్/5.6 నుంచి ఎఫ్/8 మధ్య పెట్టి, ఐఎస్ఓ ఆటోలో వదిలి, 3200 దాటకుండా గీత గీయండి. ఫోకస్ మోడ్ నికాన్‌లో ఏఎఫ్-సీ, కెనాన్‌లో ఏఐ సర్వో. అప్పుడే పక్షి కదిలే కొద్దీ ఫోకస్ దాని వెంట పోతుంది.

తెల్ల పక్షుల దగ్గర ఇంకో చిక్కుంది. కెమెరా మీటర్‌కి అది పక్షి అని తెలియదు. ఎదురుగా ఉన్నదంతా ఒక మోస్తరు బూడిద రంగు అనుకుంటుంది. ముదురు ఆకుల ముందు తెల్ల కొంగ ఉంటే, ఆకుల్ని వెలిగించబోయి కొంగని సున్నం గోడలా చేసేస్తుంది. అప్పుడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ 0.7 పెట్టండి. మెరిసే నీళ్ల ముందు రాజహంసలుంటే రివర్స్, మొత్తం చీకటి చేసేస్తుంది. అప్పుడు ప్లస్ 0.7 నుంచి 1 దాకా. ఈ ఒక్క బటన్ నేర్చుకుంటే సగం ఫోటోలు బాగుపడతాయి.

ఎండ ఎక్కాక నీళ్ల మీద వేడిగాలి ఆడుతుంది. దూరపు పక్షులు అలల్లో ఉన్నట్టు మసగ్గా వస్తాయి. అది లెన్స్ లోపం కాదు, ఏ లెన్స్ పెట్టినా అంతే. పొద్దున ఆరు నుంచి ఎనిమిది మధ్య వెళ్లండి. తొలి బండి ఎక్కండి, నిద్ర తర్వాత పోవచ్చు.

రాకెట్ సంగతి కూడా చెప్తాను. రాత్రి ప్రయోగం ఉంటే 300 ఎంఎం ఇంట్లో పెట్టి, కిట్ లెన్స్ 18 దగ్గరే వాడండి. ట్రైపాడ్ మీద కెమెరాని నిలువుగా బిగించి, దూరపు దీపం మీద ఫోకస్ చేసి ఆటో ఫోకస్ ఆపేయండి. ఐఎస్ఓ 100, ఎఫ్/11 నుంచి ఎఫ్/16, బల్బ్ మోడ్‌లో రెండు మూడు నిమిషాలు షట్టర్ తెరిచి ఉంచితే, నిప్పు గీత వంపు తిరిగి ఆకాశం దాకా వస్తుంది. ఫోన్‌తో వచ్చే ఫోటో కాదది. ఇంకో సంగతి. శబ్దం కిలోమీటరు రావడానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది. లాంచ్ ప్యాడ్‌కి 20 కిలోమీటర్ల దూరంలో ఉంటే, వెలుగు కనపడిన నిమిషానికి గానీ ఆ ఉరుము వినపడదు. ఆ ఉరుముకి ఉలిక్కిపడి ట్రైపాడ్‌ని తన్నకండి! కెమెరా ఎక్కడిదాకా అనుమతిస్తారో ముందే తెలుసుకుని వెళ్లండి.

లెన్స్ కాళ్లకి బదులు

ఇప్పుడు చెప్పేది కొంచెం సీరియస్‌గా వినండి ఫ్రెండ్స్.

లెన్స్ చాలనప్పుడు మనిషి ఏం చేస్తాడు? నడుస్తాడు. ఇంకో పది అడుగులు, ఇంకో ఇరవై అడుగులు. గూళ్ల దగ్గర ఆ పది అడుగుల ఖరీదు చాలా ఎక్కువ. మనిషి మరీ దగ్గరికొస్తే గూడబాతు గూడు వదిలి లేచిపోతుంది. గుడ్లు, ఈకలు రాని పిల్లలు ఎండకి మాడతాయి. కాకులు, గద్దలు ఆ క్షణం కోసమే కాచుకుని ఉంటాయి. బెదిరిన పిల్ల గూట్లోంచి జారిపడితే తల్లి దాన్ని మళ్లీ పైకి ఎక్కించలేదు. మనకొచ్చేది ఒక రీల్, దానికి పోయేది ఆ ఏటి పిల్ల.

రాజహంసలదీ ఇదే కథ. అవి రోజంతా బురదలో తల వంచి మేతని వడకట్టుకు తింటాయి. మనం బురదలోకి దిగి గుంపుని లేపితే, ఎగిరే ఫోటో బాగానే వస్తుంది. కానీ అవి తిండి ఆపి, ఒంట్లో శక్తి ఖర్చుపెట్టి లేవాలి. ఒకరి తర్వాత ఒకరు వచ్చి లేపుతుంటే అవి ఎప్పుడు తినాలి?

అందుకే 300 ఎంఎం అంటే నా దృష్టిలో షోకు వస్తువు కాదు. దగ్గరికి వెళ్లకుండా దగ్గరగా చూడటానికి మనం కడుతున్న డబ్బు అది. మీ లెన్స్ చాలలేదంటే పక్షిని చిన్నగానే ఉంచి, చెట్టు, నీళ్లు, ఆకాశంతో కలిపి తీయండి. అందులో అది ఎక్కడ బతుకుతోందో కూడా కనపడుతుంది.

నాలుగు నియమాలు పెట్టుకోండి. దారి దాటి లోపలికి దిగొద్దు. గూళ్ల మీద ఫ్లాష్ కొట్టొద్దు. పక్షుల్ని లేపడానికి చప్పట్లు, రాళ్లు అసలు వద్దు, అభయారణ్యంలో అది వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం కూడా. గూడు ఫోటో పోస్ట్ చేసేటప్పుడు లొకేషన్ ఆపేయండి. పక్షి మెడ నిక్కబొడుచుకుని మీ వైపు చూస్తూ మేత ఆపిందంటే, మీరు ఇప్పటికే దగ్గరైపోయారని లెక్క. రెండడుగులు వెనక్కి వేయండి.

మన తీరంలో ఫంగస్ గోల

చివరిగా, ఖరీదైన లెన్స్‌ని మన వాతావరణం ఎట్టా తినేస్తుందో చెప్పాలి. అక్టోబరు నుంచి మార్చి దాకా పక్షుల సీజన్. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి ఈశాన్య రుతుపవనాల వానలు. అంటే కెమెరా బయటికి తీసే రోజులు, ఫంగస్ పెరిగే రోజులు ఒకటే. తేమగా, చీకటిగా, గాలాడకుండా ఉండే బ్యాగే ఫంగస్‌కి ఇల్లు.

పెద్ద డ్రై క్యాబినెట్ అక్కర్లేదు. గాలి చొరబడని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. అందులో సిలికా జెల్, ఒక చిన్న తేమ మీటర్ వేయండి. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. సిలికా జెల్ రంగు మారిందంటే అది నీళ్లు తాగేసిందని అర్థం. వంటకి వాడని పాత మూకుడులో సన్నసెగ మీద వేడిచేస్తే మళ్లీ పనిచేస్తుంది. ఉప్పుగాలిలో తిరిగొచ్చిన రోజు బాడీని కొంచెం తడిపి పిండిన మెత్తటి గుడ్డతో తుడిచి, ఆరాకే డబ్బాలో పెట్టండి. లెన్స్ అద్దం మీద నోటితో ఊదొద్దు, రబ్బరు బ్లోయర్ వాడండి. ఏసీ కారులోంచి దిగగానే బ్యాగ్ తెరిస్తే అద్దం మీద మంచు పట్టినట్టు నీరు చేరుతుంది. అరగంట బ్యాగ్‌లోనే ఉంచి, తర్వాత తీయండి.

ఫోటోల్ని ఫోన్‌లోకి తెచ్చుకోవడానికి ఒక ఓటీజీ కార్డ్ రీడర్ చాలు. స్నాప్‌సీడ్ లాంటి ఉచిత యాప్‌లో ఎడిట్ చేసుకోండి. ల్యాప్‌టాప్ లేదని ఆగిపోకండి.

ఈ వారానికి మీకు ఒక పని. ఏ షాపుకీ వెళ్లొద్దు. మీరు తీయాలనుకుంటున్న మూడు విషయాలు రాసుకోండి. ఒక్కొక్కటి ఎన్ని మీటర్ల దూరంలో ఉంటుందో మ్యాప్‌లోనో, అడుగులు లెక్కపెట్టో కొలవండి. పక్కన దాని సైజు రాయండి. ఇందాకటి భాగాహారం చేయండి. ఆ మూడు అంకెలు చూశాక ఏ లెన్స్ కావాలో మీకే తెలుస్తుంది. ఫోన్ చాలని తేలితే ఇంకా సంతోషం, ఆ డబ్బుతో నాలుగు సార్లు పులికాట్ చూసి రావొచ్చు.

వచ్చే ఎపిసోడ్‌లో, పక్షి ఫోటోని ఫోన్‌లోనే ఎడిట్ చేయడం స్టెప్ బై స్టెప్ చూద్దాం. అప్పటిదాకా సెలవు.